పుస్తకముల గుర్తుసంఖ్యలు



నేడు ఏ క్రొత్త పుస్తకమును చేతికి దీసికొని వెనుక అట్ట జూచినను, సన్నవియు లావువియునగు నల్లని నిలువుగీతల గుంపొకటి కానవచ్చును. ఆ గీతల దగ్గఱనే పదుమూడంకెల సంఖ్య యొకటి అచ్చువేయబడి యుండును. అది అంగడివాని లెక్క యని తలచి కొందఱు దానిని విడిచివేయుదురు. ప్రభుత్వమువా రొసగిన యోగ్యతాపత్ర మనుకొని మఱికొందఱు గౌరవింతురు. ఈ రెండు తలపులును సరియైనవి కావు. అది ఆ పుస్తకముయొక్క గుర్తు. ప్రపంచములోని యితర పుస్తకములనుండి దానిని వేఱుపఱచి చూపుటయే దాని పని. ఆ సంఖ్య ఎట్లు పుట్టినదో, అందలి భాగము లేవో, అది ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో ఈ ప్రసంగమున మనవి చేసెదను.

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములవారికి ఈ విచారముతో పనియేమని మీరడుగవచ్చును. మన కోనసీమలో సొంతసొమ్ము వెచ్చించి పుస్తకములు అచ్చువేయించుకొనువారు మెండు. శతకములు, స్థలపురాణములు, వంశచరిత్రలు, పాటల సంపుటములు, వేదవేదాంగములపై పండితులు వ్రాసిన వివరణములు కొలదివందల ప్రతులుగా వెలువడుచుండును. అందులో పెక్కు శుభకార్యములందును, సంస్మరణసభలందును బంధుమిత్రులకు పంచిపెట్టబడును. తరువాతి తరమువాడు తన తాతగారి పుస్తకము కావలయునని వెదకినచో ప్రతి దొరకదు. ప్రతి దొరకకపోవుట యటుండగా, అట్టి పుస్తక మొకటి యుండినదని చెప్పు ఆధారమే దొరకదు. ఈ నష్టమునకు గల కారణములలో గుర్తు లేకపోవుట యొకటి. కావున ఈ విషయము మనదే.

పుస్తకమునకు పేరుండగా సంఖ్య యేల యనునది మొదటి ప్రశ్న. పేరు చాలదనుటకు మన యిండ్లలోనే నిదర్శనములు గలవు. పెద్దబాలశిక్ష యను పేర పలువురు ప్రకాశకులు పలువిధములైన పుస్తకములు వేసిరి. ఒకదానియందున్న పాఠములన్నియు మఱియొకదానియందుండవు. అంగడికి పోయి పెద్దబాలశిక్ష యిమ్మనిన ఏది చేతికి వచ్చునో చెప్పజాలము. వేమన పద్యములును, సుమతీశతకమును అట్టివే. మూలమొక్కటియైనను ఏరినవారు వేఱు, తాత్పర్యము వ్రాసినవారు వేఱు. అంతర్వేది నరసింహస్వామిపై శతకము చెప్పుదమని యిద్దఱు కవులకు తోచినచో ఇద్దఱును తమ కృతికి ఒకే పేరు పెట్టుట సహజము. అందు తప్పులేదు. కాని ఆ రెంటిని వేఱుచేయుటకు మఱియొక ఉపాయము కావలయును.

గ్రంథకర్త పేరు చేర్చిన సరిపోదా యందురేమో. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. పాశ్చాత్యులకు చివరి మాటయే ఇంటిపేరు. వారి పద్ధతి ననుసరించి పట్టికలు వ్రాసినచోట మన కవులందఱును శాస్త్రులు, రావులు, మూర్తులు, రాజులుగా గుంపులు గట్టుదురు. మన సీమలో ముక్కామల, వక్కలంక మున్నగు ఊళ్ల పేర్లే ఇంటిపేర్లైనవి. పరాయి పట్టికాకారుడు అది మనిషి పేరో, ఊరి పేరో పోల్చుకొనలేడు. దీనికి తోడు రోమను లిపి చిక్కొకటి. శాస్త్రి యను మాటను ఎస్ అను ఒంటి అక్షరముతో వ్రాయువారు కొందఱు, దాని ప్రక్క హెచ్ చేర్చువారు కొందఱు. చివర ఐ పెట్టువారు కొందఱు, వై పెట్టువారు కొందఱు. మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్నగారి సంగతి చూడుడు. ఆయన 'గుడిసెలు కాలిపోతున్నాయి' అను కావ్యమునకు 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆ నాలుగు మాటలను రోమను లిపిలో వ్రాయుమని పదిమందికి ఇచ్చినచో ఎన్ని విధములుగా వ్రాయుదురో మీరే యూహింపుడు. విదేశమందలి యొక గ్రంథాలయపు పట్టికలో ఒకే తెలుగు కవి మూడు వ్రాతలలో మువ్వురు వేర్వేఱు మనుష్యులుగా నిలిచియుండుట నేను చూచితిని. తెలుగు లిపి రానివాడు ఆ మువ్వురును ఒక్కరే యని యెట్లు గ్రహించును? అంకెలకు ఈ బాధ లేదు. అవి ఏ లిపి చదువువానికైనను ఒక్కటే.

గుర్తు ఉండవలయునను తలంపు మనవారికి లేకపోలేదు. మన ప్రాచీన కావ్యములలో ప్రతి యాశ్వాసము చివరను గద్య యొకటి యుండును. కవి తండ్రి యెవ్వరో, కవి పేరేమో, కావ్యము పేరేమో, అది యెన్నవ యాశ్వాసమో అందు చెప్పబడును. తాటియాకుల కట్ట తెగి కొన్ని యాకులు పోయినను, గద్య గల యాకు మిగిలినచో ఆ కావ్యము ఫలానావారిదని తెలియును. ఇది మిక్కిలి తెలివియైన యేర్పాటు. అయితే లేఖకుడు తాను వ్రాసి ముగించిన కాలము చెప్పునపుడు తఱచుగా సంవత్సరము పేరును మాత్రమే వ్రాసెడివాడు. ప్రభవాది సంవత్సరములు అరువది; అరువదియేండ్లకొకమాఱు అదే పేరు మరల వచ్చును. శకసంవత్సరపు అంకె తోడుగా లేనిచో అది ఏ రక్తాక్షియో, ఏ క్రోధనయో తేల్చుటకు పండితులు తగవులాడవలసివచ్చును. మరల వచ్చునది గుర్తుగా పనికిరాదని దీనివలన తెలియుచున్నది.

అచ్చు వచ్చిన పిమ్మట ప్రభుత్వము 1867లో ఒక శాసనము చేసినది. ముద్రణాలయములను, పుస్తకముల నమోదును గూర్చిన శాసనమది. దాని ప్రకారము ప్రతి పుస్తకము ప్రతులను ప్రభుత్వమునకు అందజేయవలయును. ప్రభుత్వమువారు మూడునెలల కొకసారి పట్టిక ప్రకటింతురు. అందు పుస్తకము పేరు, దాని యాంగ్లానువాదము, భాష, గ్రంథకర్త, ముద్రాపకుడు, ప్రకాశకుడు, పుటల సంఖ్య, కూర్పు, అచ్చువేసిన ప్రతులెన్ని, వెల యెంత అను వివరములన్నియు నుండును. మదరాసు రాజధానిలో అచ్చుపడి నేడు ఒక్క ప్రతియైన కానరాని తెలుగు పుస్తకములు కొన్ని యుండినవని మనకు తెలియుట యిట్టి పట్టికల చలువయే. కాని అది జరిగినదాని చిట్టా. కోరిన పుస్తకమును పోల్చి తెప్పించుకొనుటకు తగిన సాధనము కాదు.

ఇక నేటి సంఖ్య సంగతి. దీని పుట్టుక విద్యాశాలలో కాదు, అంగడిలో. ఇంగ్లండులో డబ్ల్యు. హెచ్. స్మిత్ అను పేరుగల గొప్ప పుస్తకవిక్రయ సంస్థ యున్నది. 1965 ప్రాంతమున వారు తమ గిడ్డంగి లెక్కలను కంప్యూటరుకు అప్పగింప దలచిరి. యంత్రము పేర్ల తేడాలను సైపదు. దానికి అంకె కావలయును. గణాంకశాస్త్రాచార్యుడగు గార్డన్ ఫాస్టరు 1966లో తొమ్మిదంకెల పద్ధతి నొకదానిని ఏర్పఱచి యిచ్చెను. అది మొదట ఇంగ్లండులో అమలులోనికి వచ్చి, 1970లో పదియంకెల అంతర్జాతీయ ప్రమాణమైనది. ఐ.ఎస్.బి.ఎన్. అను నాలుగక్షరములు దాని పొట్టిపేరు. అంతర్జాతీయ ప్రమాణ గ్రంథసంఖ్య యని దాని యర్థము. 2007 జనవరి 1వ తేదీనుండి అది పదుమూడంకె లైనది.

ఆ పదుమూడంకెలును పోగుగా పోసినవి కావు. ఐదు భాగములుగా అమర్చినవి. మన రైతులకు ఇది తేలికగా బోధపడును. ఏటిగట్టు క్రింది కొబ్బరితోట యనిన ఊరివారికి తెలియవచ్చును గాని రిజిస్ట్రారు కచేరీలో చెల్లదు. అక్కడ జిల్లా, గ్రామము, ఆరెస్ నంబరు, అందులో సబ్‌డివిజను చెప్పవలయును. పెద్దదానినుండి చిన్నదానికి దిగివచ్చిన తుదకు ఒక్క మడి మిగులును. పుస్తకసంఖ్యయు నట్టిదే.

ఉదాహరణమునకు 978-81-237-1234-5 అను సంఖ్యను తీసికొందము. ఇది లెక్క చూపుటకు మాత్రమే. ఏ పుస్తకమును ఉద్దేశించినది కాదు. మొదటి 978 ఇది పుస్తకమని చెప్పును. అంగడి సరకులన్నిటికిని ఇట్టి పదుమూడంకెల సంఖ్యలే యుండును. భారతదేశపు సంస్థ నమోదు చేసికొన్న సరకు సంఖ్య 890తో మొదలగును. మీ యింటనున్న కొబ్బరినూనె సీసా చూచుకొనుడు. పుస్తకములకు మాత్రము, అవి ఏ దేశమువైనను, 978 యని వేఱుగా నిచ్చిరి. పుస్తకము లన్నియు తమకొక దేశ మేర్పఱచుకొన్నట్లున్నదని వేడుకగా దానిని 'బుక్‌లాండ్' అందురు. 978 క్రింది సంఖ్యలు కొన్నిదేశములకు చాలక 979యు వాడుకలోనికి వచ్చినది.

రెండవ భాగమగు 81 భారతదేశమునకు కేటాయించినది. అది చాలనందున 93యు మనకు వచ్చినది. ఆంగ్లభాషాప్రాంతములకు 0, 1, ఫ్రెంచివారికి 2, జర్మనువారికి 3, జపానుకు 4, చైనాకు 7. తెలుగునకు వేఱుగా సంఖ్య లేదు. 81 గాని 93 గాని గల పుస్తకము తెలుగుది కావచ్చును, తమిళముది కావచ్చును, సంస్కృతముది కావచ్చును. అమెరికాలోని తెలుగువాడు అక్కడ ప్రకటించిన తెలుగు పుస్తకమునకు అక్కడి సంఖ్యయే పడును. కావున సంఖ్యను జూచి భాషను నిర్ణయింపరాదు.

మూడవ భాగము ప్రకాశకునిది. మన ఉదాహరణములోని 237 నేషనల్ బుక్ ట్రస్టువారిది. నాలుగవ భాగమగు 1234 ఆ ప్రకాశకుని పుస్తకములలో ఒకదానిది. ఈ రెండు భాగములును కలిసి ఇన్ని యంకెలే యుండవలయునను నియమము గలదు గాని, ఒక్కొక్కటి ఇంత పొడుగుండవలయునని లేదు. పెద్ద ప్రకాశకునకు పొట్టి సంఖ్య యిత్తురు. అప్పుడు పుస్తకములకు ఎక్కువ అంకెలు మిగులును. 237 గలవారికి నాలుగంకెలు మిగిలినవి. పదివేల పుస్తకములకు చాలును. ఏదో యొకటి రెండు పుస్తకములు వేయువానికి ఆఱంకెల పొడుగు సంఖ్య యిచ్చినచో పుస్తకములకు ఒక్క అంకెయే మిగులును. పది పుస్తకములకు సరిపడును. కుటుంబమునుబట్టి కమతము పంచినట్లు ఈ యేర్పాటు చేయబడినది.

కడపటిదగు ఐదవ భాగము ఒక్క అంకె. ఇది కావలివాడు. తక్కిన పండ్రెండంకెలు సరిగా వ్రాయబడినవో లేదో చెప్పుట దాని పని. కాగితము, కలము దగ్గఱనున్నవారు నాతోపాటు లెక్క వేయుడు. 9, 7, 8, 8, 1, 2, 3, 7, 1, 2, 3, 4. ఇవి పండ్రెండంకెలు. వీనిలో మొదటిది, మూడవది, ఐదవది, ఇట్లు బేసిస్థానములందున్నవి కూడుడు: 9, 8, 1, 3, 1, 3, మొత్తము 25. సరిస్థానములందున్నవి కూడుడు: 7, 8, 2, 7, 2, 4, మొత్తము 30. దీనిని మూడింతలు చేసిన 90. రెండును కలిపిన 115. దీనిపైనున్న పదుల సంఖ్య 120. అక్కడకు చేరుటకు ఇంక ఐదు కావలయును. ఆ ఐదే కావలివాడు.

ఇప్పుడు వ్రాయువాడు తొందరపాటున 1234 అనుటకు 1324 అని వ్రాసెననుకొందము. మరల లెక్కింపగా బేసిస్థానముల మొత్తము 24, సరిస్థానముల మొత్తము 31, మూడింతలు 93. రెండును కలిసి 117. కావలియంకె ఐదును చేర్చిన 122. పదులకు సరిపోలేదు. వెంటనే యంత్రము దీనిని త్రోసివేయును. ఏదో యొక్క అంకె తప్పుపడినచో ఈ లెక్క తప్పక పట్టుకొనును. ప్రక్కప్రక్క అంకెలు తారుమారైనచో చాలవఱకు పట్టుకొనును. ఆ రెంటి భేదము ఐదైనపుడు మాత్రము, అనగా 1, 6 గాని 2, 7 గాని తారుమారైనపుడు, అది తప్పించుకొనును. పాత పదియంకెల పద్ధతిలో పదునొకటితో భాగించు లెక్క యుండెను. దానికి ఈ లోపము లేదు. అందు కడపటి అంకె ఒక్కొక్కప్పుడు పది కావలసివచ్చుటచే, రోమనుల పదిగుర్తగు ఎక్స్ అక్షరమును వాడిరి. పాత పుస్తకముల సంఖ్య చివర ఎక్స్ కనబడిన అచ్చుతప్పని తలపకుడు. పదియంకెల సంఖ్యను క్రొత్త పద్ధతికి మార్చవలయునన్న, ముందు 978 చేర్చి, కడపటి అంకె తీసివేసి, నేను చెప్పిన లెక్కచొప్పున క్రొత్త కావలియంకె కట్టవలయును. మన గ్రంథాలయాధికారులకు ఇది నిత్యము పనికివచ్చును.

ఎప్పుడు క్రొత్త సంఖ్య కావలయును, ఎప్పుడు అక్కఱలేదు అనునది తఱచుగా సంశయము గలిగించును. ఉన్నది ఉన్నట్లుగా మరల అచ్చువేసినచో పాత సంఖ్యయే చెల్లును. వెల మార్చినను అంతే. విషయము సవరించి, పెంచి, క్రొత్త కూర్పుగా వేసినచో క్రొత్త సంఖ్య కావలయును. గట్టి అట్టది యొకటి, మెత్తని అట్టది యొకటి వేసినచో రెంటికి రెండు సంఖ్యలు. తెరమీద చదువుకొను ప్రతికి మఱియొకటి. అనువాదమునకు వేఱొకటి. భారతమువంటి గ్రంథమును సంపుటములుగా వేసినచో ఒక్కొక్క సంపుటమునకు ఒక్కొక్కటియు, అన్నియు కలిపి యమ్మునపుడు మొత్తమునకు వేఱొకటియు నుండవచ్చును. ఒకసారి యిచ్చిన సంఖ్యను ఆ పుస్తకము కనుమఱుగైన తరువాతకూడ మఱియొకదానికి ఈయరాదు. లంకనేల గోదావరి కోతకు పోయినను కాగితములలో దాని నంబరు మిగులును గదా. అటులే పుస్తకము ప్రతులు చెల్లిపోయినను సంఖ్య దానిదిగానే యుండును.

గ్రంథాలయమునకు పోవువారు పుస్తకముపై మఱి రెండు సంఖ్యలు చూతురు. వానిని దీనితో కలిపివేయరాదు. ఒకటి చేర్పుసంఖ్య, ఆ గ్రంథాలయమున ఆ ప్రతి యెన్నవదిగా చేరినదో చెప్పును. ఒకే పుస్తకము మూడు ప్రతులున్న మూడు చేర్పుసంఖ్య లుండును. రెండవది వర్గసంఖ్య, విషయమునుబట్టి పుస్తకము ఏ బీరువాలో నుండవలయునో చెప్పును. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన పద్ధతిలో ఆంగ్లసాహిత్యమునకు 820 మొదలు పదిసంఖ్యలు దక్కగా, తెలుగు సాహిత్యమంతయు 894.827 అను మూలలో సర్దుకొనవలసివచ్చినది. మదరాసు విశ్వవిద్యాలయపు గ్రంథాలయాధికారి శియ్యాళి రామామృత రంగనాథన్‌గారు 1933లో కోలను వర్గీకరణమను మఱియొక పద్ధతిని కల్పించిరి. వర్గసంఖ్య పుస్తకములోని విషయమును జెప్పును. గుర్తుసంఖ్య విషయమును గూర్చి ఒక్కమాటయైన చెప్పదు. ఇది ఫలానా పుస్తకమని మాత్రమే చెప్పును.

వారపత్రికలకు, మాసపత్రికలకు ఇట్టిదే మఱియొక సంఖ్య గలదు. దానిని ఐ.ఎస్.ఎస్.ఎన్. అందురు. ఎనిమిదంకెలు, నాలుగేసిగా రెండు ముక్కలు. దీని ప్రపంచకేంద్రము పారిసు నగరమున నున్నది; భారతదేశపు కేంద్రము ఢిల్లీలో నున్నది. ఇది పత్రికయొక్క పేరును పట్టి యుండును. సంచిక సంచికకు మారదు. పత్రిక పేరు మార్చినచో క్రొత్త సంఖ్య తీసికొనవలయును. మన ప్రాంతపు సాహిత్యసభలు నడపు చిన్నపత్రికలకును దీనిని పొందవచ్చును.

ఇంతవఱకు ఈ సంఖ్య చేయు పని చెప్పితిని. చేయని పని చెప్పకున్న ప్రసంగము సగమే యగును. ఈ సంఖ్య పుస్తకము మంచిదని చెప్పదు. ఆ పుస్తకము ఎవ్వరును పరీక్షింపలేదు. కళాశాలోపాధ్యాయుల పదోన్నతి లెక్కలలో ఈ సంఖ్య గల పుస్తకములకు విలువ గట్టుటచే, ఇది పాండిత్యచిహ్నమను భ్రమ వ్యాపించినది. అది సరికాదు. అటులే గ్రంథకర్తృత్వపు హక్కునకును దీనికిని సంబంధము లేదు. హక్కు రచన చేయుటతోనే కలుగును. సంఖ్య లేకున్నను హక్కు పోదు, సంఖ్య యుండినంతమాత్రమున లేని హక్కు రాదు. సంఖ్య పుస్తకమును అమ్మిపెట్టదు. అది చిరునామా వంటిది. చిరునామా యున్నంతమాత్రమున చుట్టములు రారు. కాని వత్తుమను చుట్టమునకు చిరునామా లేక దారి తెలియదు.

ఇక మన కర్తవ్యము. మన దేశమున ఈ సంఖ్యల నిచ్చునది రాజా రామమోహనరాయ్ జాతీయ సంస్థ; ఢిల్లీలో నున్నది. 2016నుండి అంతర్జాలముద్వారా దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ప్రకాశనసంస్థలకే గాక, తన పుస్తకమును తానే వేసికొను గ్రంథకర్తకును ఇత్తురు. అమెరికాలోను ఇంగ్లండులోను దీనికి సొమ్ము చెల్లింపవలయును. మన దేశమున ఉచితము. ఈ సంగతి తెలియక, నడుమ నిలిచిన దళారులకు సొమ్ము ముట్టజెప్పువారు గలరు. అట్లు చేయ నక్కఱలేదు. అచ్చునకు ముందే దరఖాస్తు పెట్టవలయును. అచ్చయిన పిదప తలచుకొన్నచో అట్ట చీటి యంటింపవలసివచ్చును. మఱియొక పుస్తకముమీది సంఖ్యను తీసి మన పుస్తకముపై వేసికొనుట మాత్రము ఎన్నడును చేయరాదు. అట్లు చేసిన, మన పుస్తకము కోరినవానికి వారిది పోవును, వారిది కోరినవానికి మనది పోవును, ఇద్దఱును నష్టపోవుదురు.

సంఖ్యతోబాటు ముఖపత్రము వెనుకటి పుట శ్రద్ధగా నింపుడు. గ్రంథకర్త పూర్తిపేరు, ఇంటిపేరు విప్పి వ్రాయుడు, పొడియక్షరములతో సరిపెట్టకుడు. కూర్పు ఎన్నవదో, సంవత్సర మేదో అంకెలలో వేయుడు. పేరును రోమను లిపిలో ఒక్క విధముగా నిర్ణయించుకొని, ప్రతి పుస్తకముననూ అట్లే వ్రాయుడు. ఊరి పేరు, జిల్లా పేరు వేయుడు గాని వానినే నమ్ముకొనకుడు. 1925 వఱకు గోదావరి జిల్లా, తరువాత తూర్పుగోదావరి జిల్లా, 2022 ఏప్రిలునుండి కోనసీమకు వేఱు జిల్లా. మదరాసు రాజధాని పోయి 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశ్. అమలాపురము కదలలేదు గాని దాని చిరునామా ఇన్నిసార్లు మారినది. సంఖ్య మారదు.

మఱియొక ముఖ్యవిషయము. నేను ముందు చెప్పిన 1867 నాటి శాసనము నేడు లేదు. దానికి బదులుగా 2023లో చేయబడి, 2024 మార్చి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన శాసనము పత్రికలకు సంబంధించినది, పుస్తకములను విడిచిపెట్టినది. పూర్వము ముద్రాపకుని బాధ్యతగా, మనకు తెలియకుండగనే మన పుస్తకము పట్టిక కెక్కెడిది. ఇప్పుడు ఆ వల లేదు. మిగిలినది 1954 నాటి పుస్తకప్రదాన శాసనము. దాని ప్రకారము ప్రకాశకుడు పుస్తకము వెలువడిన ముప్పది దినములలో తన ఖర్చుపై కలకత్తా జాతీయ గ్రంథాలయమునకు ఒక ప్రతి, మదరాసు కన్నెమరా గ్రంథాలయమునకు, బొంబాయి కేంద్ర గ్రంథాలయమునకు, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కొక్క ప్రతి పంపవలయును. సొంతముగా పుస్తకము వేసినవాడును ప్రకాశకుడే. నాలుగు ప్రతులకు తపాలా ఖర్చు పెద్ద మొత్తము కాదు. ఐదవ ప్రతి రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయమునకును, ఆఱవది మీ యూరి గ్రంథాలయమునకును ఇచ్చినచో ఇంకను మేలు. సంఖ్య దారి చూపును. ఆ దారిని పోయినవానికి ఎక్కడనో యొక ప్రతి దొరకవలయును గదా. సంఖ్య యుండి ప్రతి లేనిచో పేరు మాత్రము మిగులును. ప్రతి యుండి సంఖ్య లేనిచో అది బీరువాలో నిద్రించును.

ఈ పద్ధతి పుట్టకమునుపు వెలువడిన పుస్తకముల మాటేమి? వానికి సంఖ్యలు లేవు. అందులో చాలవఱకు ప్రతిబింబములుగా తీయబడి అంతర్జాలమున నున్నవి. కాని పేర్లు రోమను లిపిలో ఎవరికి తోచినట్లు వారు వ్రాసియుండుటచే, ఉన్న పుస్తకమే లేనట్లగుచున్నది. వానికి మనము చేయదగినది పట్టిక. ఊరూర పాతపెట్టెలలో, అటకలమీద నున్న పుస్తకముల పేరు, కర్త, ముద్రణాలయము, సంవత్సరము, పుటల సంఖ్య తెలుగు లిపిలోనే వ్రాసి, ఒకచోట చేర్చినచో, 1867 నాటి శాసనము చేసిన పనిని మనమే మన సీమకు చేసికొన్నవార మగుదుము. కళాశాల విద్యార్థులకు వేసవి సెలవులలో ఇంతకు మించిన పని లేదు. మహాపండితులే కావలయునని లేదు. చక్కని దస్తూరియు, ఓపికయు చాలును.

మన పెద్దలు వేదమును అక్షరము తప్పకుండ నిలుపుటకై పదమని, క్రమమని, జటయని, ఘనయని పలువిధముల పాఠములు కల్పించి, ఒకదానితో నొకదానిని సరిచూచుకొనిరి. పుస్తకసంఖ్యలోని కావలియంకె చేయు పనికిని దానికిని మూలమైన బుద్ధి యొక్కటియే: పోగొట్టుకొనరాని దానికి కాపు పెట్టవలయును. ఆ శ్రద్ధ మనకు క్రొత్తది కాదు. దానిని మన యచ్చుపుస్తకముల యెడలను చూపుదము. ఈ సంవత్సరము కోనసీమలో వెలువడు ప్రతి పుస్తకమును, అది పదిపుటల పాటలపుస్తకమైనను సరియే, తన గుర్తు తాను గలిగి వెలువడునుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.